రైటు లేదన్న కొండ

అనంతగిరి ఘాటు రోడ్డు పనిలో మూడేళ్లు రాళ్లు మోసి గంగ నేర్చుకున్న ఇంగ్లీషు రెండే మాటలు. లెఫ్టుతో ఏ పేచీ లేదు, ఎడమంటే ఎడమే. రైటుతోనే తంటా. ఓవర్సీరు రైటంటే బండి కదలాలి. రాయి కుదురుగా కూర్చున్నా రైటే. కుడిపక్కకి జరపాలన్నా రైటే. ఒక్క మాటతో ఇన్ని పనులు చేయించుకునే దొరలు ఎంత సోమరిపోతులో అని గంగ నవ్వుకునేది.

పంతొమ్మిది వందల ఇరవయ్యారు వేసవిలో మొగుడు జ్వరంతో పోయాడు. ఇక ఇంటి వెనక కొండవాలు మీద చేసుకునే పోడే గంగకి దిక్కు. అక్కడ పండే సామలూ చోళ్లే తనకీ ఇద్దరు కూతుళ్లకీ ఏడాది తిండి.

ఆ కొండని సర్కారు అడవిలో కలిపేశారని చెప్పడానికి ఫారెస్టు గార్డు సన్యాసిరావు వచ్చాడు. పల్లపు మనిషి. కొత్త ఉద్యోగం, అంతకంటే కొత్త ఇంగ్లీషు.

"ఈ కొండ మీద నీకు రైటు లేదు," అని దర్జాగా చెప్పి దిగిపోయాడు.

గంగ కొండకేసి తిరిగి నిలబడి ఆలోచించింది. కుడిపక్క పోయిందన్నమాట. అత్త చేతులు బొబ్బలెక్కేలా తుప్పలు కొట్టిన నేల అది. అయినా వదులుకుంది. ఎడమపక్క తుప్పలు నరికి, కాల్చి, తొలివానకి సామలు జల్లింది.

మొలకలు చూసి గార్డు మండిపడ్డాడు. "రైటు లేదని సెప్పలేదేటే?"

"సెప్పినావు బాబూ. అందుకే లెఫ్టున జల్లినాను."

సన్యాసిరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "రైటంటే హక్కే, పిచ్చిదానా! కొండ మొత్తం మీద నీకు హక్కు లేదు."

గంగకి ఒళ్లు మండిపోయింది. గార్డు మీద కంటే తన మీదే ఎక్కువ కోపమొచ్చింది.

"అయితే బుద్ది లేక నానే సగం కొండ వొగ్గీసినాను!" అంటూ సామల గంప చంకనెత్తుకుని, అక్కడా జల్లడానికి నేరుగా కుడిపక్కకి నడిచింది.

గంగని పట్టుకెళ్లి పదిరోజులు ఠాణాలో కూర్చోబెట్టారు. ఈలోగా మొలకలన్నీ పశువుల చేత తొక్కించేశారు. విడిచిపెట్టిన మర్నాడే గంగ తిండికి దాచుకున్న సామలు గంపకెత్తి, కూతుళ్లతో కొండెక్కింది. ఆ గింజలు పోతే ఇంట్లో పొయ్యి వెలగదని ఆమెకి తెలుసు. అయినా జల్లుతూనే ఉంది.

గార్డు రొప్పుకుంటూ ఎక్కివచ్చాడు. "ఎవులిచ్చినారే నీకీ హక్కు?"

గంగ వంచిన నడుం ఎత్తలేదు.

"ఒకలిస్తే పుచ్చుకోడానికి అదేటి బాబూ, సద్దికూడా? బేగి తప్పుకో. నువ్వు నిలబడ్డ కాడ జల్లాల."