యాకన్న చివరగా బిగించిన రాడ్లు

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే జోగయ్య ఫోన్ చేశాడు.

"ఆచారన్నా... యాకన్న లేడన్నా ఇంక."

"అదేంది, రేపు డిశ్చార్జ్ అన్నరు గదా?" అన్నాను.

అవతల నుంచి ఏడుపు వినిపించింది.

షట్టర్ సగంలోనే వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను.

రోజూ రాత్రి లెక్కలు రాసుకోవడం తప్ప నాకు రాయడం అలవాటు లేదు. కానీ యాకన్న గురించి మన వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు రాయాలి కదా.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. యాకన్న మా భద్రాచలంలో ఇంజన్ మెకానిక్. నాది బంగారం పని. మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది నా షాపులో ఉన్న తూకం మెషిన్.

ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది, కింద క్రాంక్ తిరుగుతుంది. ఆ రెంటినీ కలిపి ఉంచేది కనెక్టింగ్ రాడ్. నాలుగు రాడ్లూ ఒకే బరువు ఉండకపోతే ఇంజన్ వణుకుతుంది అనేవాడు యాకన్న. అందుకే గట్టిగా పనిచేయాల్సిన ఇంజన్ ఏది బిగించాల్సి వచ్చినా రాడ్లు గుడ్డలో చుట్టుకొని నా దగ్గరికి వచ్చేవాడు.

ముందు తన రుమాలుతో పళ్లెం తుడిచేవాడు.

"నీ బంగారానికి నా ఆయిల్ అంటొద్దు ఆచారీ."

రాడ్డు పెద్ద కొన పళ్లెం మీద పెట్టి, చిన్న కొనను దారంతో వేలాడదీసేవాడు. తర్వాత తిరగేసి చూసేవాడు. నాలుగు రాడ్లకూ రెండు కొనల బరువూ విడివిడిగా కలవాలట. ఎక్కువ ఉన్నదాన్ని కొంచెం కొంచెం అరగదీసి, మళ్లీ తెచ్చి, మళ్లీ తూచేవాడు. నా గిరాకీ ఆగిపోయినా ఆయనకు పట్టేది కాదు.

ఒకసారి దుమ్ముగూడెం నుంచి ఒక పెద్దామె ముక్కుపుడక కోసం వచ్చింది. తూకం మీద నల్లటి రాడ్డును చూసింది.

"ఏందయ్యా ఇది? గింత పెద్ద నగ ఎవరికి?"

"మా ఇంజన్‌కు వడ్డాణం చేయిస్తున్ననమ్మా," అన్నాడు యాకన్న.

"ఇంజన్‌కు వడ్డాణం సరే. నీ పెండ్లానికి ఏం చేయించినవ్?"

యాకన్న రాడ్డును గబగబా గుడ్డలో చుట్టుకొని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు చేతిలో రాడ్లు లేకుండా వచ్చాడు. లక్ష్మి వదినకు కమ్మలు చేయమన్నాడు. డిజైన్ మాత్రం నన్నే చూడమన్నాడు. సిగ్గుపడుతున్నాడని అర్థమైంది.

ఇక జోగయ్య సంగతి.

చర్ల అవతల గూడెం నుంచి మనుషుల్నీ, ఇప్పపువ్వు మూటల్నీ, జ్వరమొచ్చినవాళ్లనూ దించేది జోగయ్య జీపు. వాళ్ల ఇల్లు నడిచేది దాని మీదే. అందులో టర్బో ఉన్న, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి తోసి బలం పెంచే, కారు ఇంజన్ ఎక్కించుకున్నాడు. బురదలో నడిపే మడ్ రేసులంటే పిచ్చి. మొన్నామధ్య రేసులో టర్బో ప్రెషర్ పెంచాడు. రాడ్డు విరిగి ఇంజన్ ఒళ్లయిన బ్లాకును పొడుచుకొని బయటికొచ్చింది. బండి మూలన పడింది. ఇంట్లో సంపాదన ఆగిపోయింది.

పాత బ్లాక్ ఒకటి దొరికింది. రాడ్ల దగ్గర మాత్రం నా షాపులోనే పెద్ద పంచాయితీ అయింది.

"అన్నా, గీ అల్యూమినియం రాడ్లు చూడు. మస్తు తేలిక. ఇంజన్ జల్దీ లేస్తది," అని జోగయ్య ఫోన్ చూపించాడు.

"పందానికి ఒక్క దినం పోతవ్. మిగిలిన దినాలు నొప్పులొచ్చిన ఆడోళ్లను ఎక్కించుకొని గుంతలల్ల పోతవ్. అల్యూమినియం సాగుతది రా, అలిసిపోతది. మాటిమాటికి మార్చాలె. ఉక్కువి తీస్కో. జర బరువుంటే ఏమైతది?" అన్నాడు యాకన్న.

"మరి గెలవకుంటే?"

"గెలవకుంటే ఇంటికొస్తవ్. రాడ్డు విరిగితే ఎట్లొస్తవ్?"

కాల్చి, గట్టిగా నొక్కి చేసిన ఫోర్జింగ్ ఉక్కు రాడ్లే తెప్పించాడు యాకన్న. తూచాడు, అరగదీశాడు, మళ్లీ తూచాడు. ఏ రాడ్డు మూత ఆ రాడ్డుకే పెట్టాడు. బేరింగ్‌కూ క్రాంక్‌కూ మధ్య ఆయిల్ ఆడేంత సందు ఉందని చూసుకున్నాకే బిగించాడు. బిగించేటప్పుడు కొత్త బోల్టు ఎంత సాగుతోందో కొలిచే గేజ్ పెట్టి మరీ చూశాడు. చివరికి క్రాంక్ చేత్తో తిప్పాడు. ఎక్కడా పట్టకుండా తిరిగింది.

ఆ ఇంజన్ స్టార్ట్ కావడం ఆయన వినలేదు.

ఛాతీలో నొప్పి అంటే ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లారు. మిగతా పని జోగయ్య ఫోన్లో అడుగుతూ పూర్తి చేశాడు. ఊళ్లో తిప్పడమే తప్ప బండి దూరం పోలేదు. దాని మొదటి దూర ప్రయాణం నిన్న ఖమ్మం పోయి యాకన్నను తీసుకురావడమే.

వెనక యాకన్న. పక్కన లక్ష్మి వదిన, ఆమె తమ్ముడు రవి. ముందు జోగయ్య, నేను.

ఏన్కూరు దాటాం. లారీలు, బస్సులు, ఆఖరికి ఒక ట్రాక్టర్ కూడా మమ్మల్ని దాటి పోయింది. రవికి ఓపిక పోయింది.

"ఏంది జోగీ, ఎడ్లబండా ఇది? ఇంటికాడ చుట్టాలందరూ ఎదురుచూస్తున్నరు. జల్దీ పోనీ."

"కొత్త రాడ్లు బావా... మొదట్ల ఎక్కువ గుంజొద్దని అన్న చెప్పిండు." అన్నాడు జోగయ్య.

లక్ష్మి వదిన వెనక నుంచి అంది.

"అట్లనే పోనియ్ జోగీ. ఇప్పుడాయనకు తొందరేముంది?"

తర్వాత ఇంజన్ చప్పుడొక్కటే, ఎక్కడా తొణక్కుండా.

పాల్వంచ దాటాక ఆమే అడిగింది.

"మంచిగనే నడుస్తుందా?"

"మంచిగ నడుస్తుంది వదినా. ఎక్కడా వణుకు లేదు," అన్నాడు జోగయ్య.

ఆమె యాకన్నకు కప్పిన దుప్పటి మీదికి వంగింది.

"ఇన్నవా? మంచిగనే నడుస్తుందంట."

పోయిరా యాకన్నా. ఏ ఇంజన్ చప్పుడూ నిన్ను లేపకుండా, కంటినిండా నిద్రపో. నీకు శాంతి దొరకాలి.