మా తూముకు వేసవి లేదు

మా ముత్తాతగారు ఈ ప్రాంతంలో కాలువ తవ్వినప్పుడు దారికి అడ్డం వచ్చిన తన మాగాణిని ఒక్క మాటతో ఇచ్చేసిన మనిషి. తాతగారు వీధిలోకి వస్తే ఎదురైనవాళ్ళు గొడుగులు ముడిచి పక్కకు నిలబడేవారు. నాన్నగారి నాటికి గొడుగు ముడిచేవాళ్ళు తగ్గారు గానీ, ముడవనివాళ్ళను ఆయన చూడనట్టే నడిచేవారు. ఇవి గొప్పలు కావు. ఉన్న సంగతి.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని నా పక్కన చేరింది. విదేశాల్లో మూతపడిన వినోదాల పార్కుల విశేషాలు చెప్పే వీడియో అది. "తాతగారూ, అక్కడ క్యూని మెలికలు తిప్పేసి పెడతారంటండీ, ఎంత పొడుగుందో మనకి తెలీకుండా. చివర్న ఓ కోట కడతారంట, అది చూసుకుంటూ జనం లోపలికి నడుస్తానే ఉంటారంట. చీకటి గుహలో పడవ తనంతట తనే పోతున్నట్టు ఉంటదా, నీళ్ళ కింద పట్టాలుంటాయంటండీ!" అంది. ఆ తర్వాత నీళ్ళు తీసేసిన ఒక గుహను చూపించారు. అడుగున బురద, ఒక పక్కకు ఒరిగిపోయిన పడవలు. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. అలాంటిది మనకీ ఉండేదన్నాను. "పోండి తాతగారూ" అని నవ్వి లేచిపోయింది.

ఉండేది. డెబ్భైల చివరి సంగతి. నేను చదువు ముగించి ఇంటికొచ్చిన కొత్త. అప్పటికి మాకు మిగిలినవి ఇల్లు, కాలువ గట్టునున్న తోట. తుని నుంచి వచ్చి మా ఊళ్ళో వ్యాపారం పెట్టిన షావుకారుగారు ఆ తోటను రైసు మిల్లుకి అడుగుతున్నారు. నాన్నగారు అంతకుముందే రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం ముందు తోసుకుంటున్న జనాన్ని చూసి వచ్చారు. తోటలో ఒక విహారస్థలం పెడతాననీ, ఈ వేసవి సెలవుల్లో జనం వస్తే తోట అమ్మననీ, రాకపోతే షావుకారుగారిదేననీ మాటిచ్చారు. షావుకారుగారు చేతులు కట్టుకుని "తమరి మాట కాదంటానాండీ, అలాగే కానివ్వండి" అన్నారు. ఆ వినయం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

నాన్నగారు కట్టించింది నీటి గుహ. మా తోటకు కాలువ నుంచి సొంత తూము ఉండేది, ముత్తాతగారు భూమి ఇచ్చినందుకు దక్కిన మర్యాద. ఆ తూము నీళ్ళు ఇటుకలతో కట్టిన చీకటి గుహలో మెలికలు తిరిగి అవతల పొలాల బోదెలో కలిసేవి. నాలుగు పడవలు. పట్టాలూ యంత్రాలూ లేవు. నరసాపురం నుంచి పిలిపించిన బెస్తవాళ్ళు నడుంలోతు నీళ్ళలో, చీకట్లో, దగ్గు కూడా ఆపుకుని పడవలు తోసేవారు. గుహ పొడుగునా మా వంశ వైభవాన్ని సిమెంటు బొమ్మలుగా చేయించారు: పల్లకీ, వేట, దొరలతో కరచాలనం. చివరి మలుపులో కోరమీసాలతో ముత్తాతగారు, ఆయన మీద ఆకుపచ్చ బల్బు. మొదటిరోజే ఒక పిల్లాడు ఆయన్ని చూసి కెవ్వుమన్నాడు. మర్నాటికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ దయ్యాల గుహ చూడ్డానికి బయల్దేరాయి. ఆ కేకలు భక్తి వల్ల వస్తున్నవి కావని నాన్నగారికి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

మన గుమ్మంలో జనాన్ని వరసలో నిలబెట్టడం ఆయనకు నచ్చలేదు. మామిడి నీడన బల్లలు వేయించి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించేవారు. కొందరు మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి, పడవ ఎక్కకుండానే ఇంటికి పోయేవారు. అయినా జనం బాగానే వచ్చారు. షావుకారుగారు కూడా కుటుంబంతో వచ్చి రెండుసార్లు పడవెక్కారు.

అసలు సంగతి అమ్మ మొదటే అంది. "ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదండీ, మరి గుహలోకి నీళ్ళెలా వస్తాయి?" మరమ్మతుల కోసం ఏటా ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్ళు ఆపేస్తారని ఈ సీమలో పాకే పిల్లకు కూడా తెలుసు. నాన్నగారికీ తెలుసు. "అది ఊరికి. మన తూముకి కట్టడం ఏంటి? నా చిన్నప్పుడు రోహిణి కార్తెలో కూడా తోట కొలను నిండుగా ఉండేది. నేను ఈదింది నువ్వు చూశావా?" అన్నారు. ఆయన చూసింది ఆయన నమ్మారు. నేనూ నమ్మాను.

సెలవులు మొదలైన వారానికే కాలువలు కట్టేశారు. గుహలో నీళ్ళు మోకాలికి, తర్వాత చీలమండకి దిగాయి. నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టి, కండువా వేసుకుని ధవళేశ్వరం బయల్దేరారు. వెంట నేను. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి నీటిపారుదల ఆఫీసు వరండాలో బల్ల మీద వెన్ను ఆనించకుండా మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. లేచి నిలబడే మాట్లాడాడు. "మీ తూము మేం మూయలేదండీ. తెరిచే ఉంది. కాలవలోనే నీళ్ళు లేనప్పుడు దాన్ని మూయాల్సిన పనేముందండీ?"

ఇంటికొచ్చాక నాన్నగారు అరుగు మీద కూర్చుని, తన చిన్నప్పుడు ఆ తూములో నీళ్ళు ఎలా వచ్చేవని గట్టిగా అడిగారు, ఎవరినో తెలియదు. లోపల్నుంచి మా నాయనమ్మ జవాబిచ్చింది. "తూములో ఎక్కడొచ్చాయి నాయనా? మన పాలేళ్ళు తెల్లవార్లూ నూతిలోంచి తోడి, కావిళ్ళతో మోసి కొలను నింపేవారు. నువ్వు లేచేసరికి వాళ్ళు వెళ్ళిపోయేవారు. పిల్లలు లేచాక అక్కడెవరూ కనపడకూడదని మీ నాన్న కట్టడి."

ఆ పాలేళ్ళు అప్పటికి ఏమయ్యారో, వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పేర్లు కూడా తెలియవు.

గుహ అడుగు బురదయింది. అందులో కొర్రమీనులు చిక్కుకున్నాయన్న మాట ఊరంతా పాకింది. తోట చరిత్రలో అంత జనం వచ్చిన రోజు అదే. తట్టలు, బుట్టలు, పాత చీరలు పట్టుకుని గుహలోకి దిగారు. ఒకతను ముత్తాతగారి బొమ్మ చేతికి చేపల బుట్ట తగిలించి "కాస్త పట్టుకోండి దొరగారూ" అన్నాడట. అందరూ నవ్వారట. నాన్నగారు అరుగు మీద నిటారుగా కూర్చుని ఆ నవ్వులు విన్నారు. మజ్జిగ మాత్రం ఆ రోజు కూడా అందరికీ ఇప్పించారు.

చేపలు అయిపోయాక తోటకు ఎవరూ రాలేదు. సెలవులు అయిపోతుండగా షావుకారుగారు వచ్చారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నారు. "ఇంకో ఏడాది చూద్దారి లెండి. ఈసారి సంక్రాంతి సెలవులకి తెరిస్తే కాలవ నిండా నీళ్ళుంటాయండీ. మా పిల్లలు కూడా మళ్ళీ ఎక్కుతామని గోల. నాకేం తొందర లేదండీ." ఆ మాటలో ఎకసెక్కం లేదు. ఉంటే బాగుండేది. నాన్నగారు నా వైపు చూశారు. వద్దంటే వద్దని, సరేనంటే సరేనని నేనూ ఆయన వైపు చూశాను. ఒకరి ముఖంలో ఒకరికి కనిపించింది వంగని బిగువు ఒక్కటే.

"మేం గడువులు పుచ్చుకునేవాళ్ళం కాదండీ. మాట మాటే" అన్నారాయన.

షావుకారుగారు లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నాకు ఆనాటి నాన్నగారి కంటే ఎక్కువ వయసు. ఏడాది అంటే ఎంత చిన్నదో ఈ వయసుకి తెలుస్తుంది. ఆనాడు ఆ ఏడాది గడువు పుచ్చుకోవడం మా పరువు పోగొట్టుకోవడంగా కనిపించింది. జ్యేష్ఠమాసంలో, కాలువకు నీళ్ళు వదలక ముందే, తోట, గుహ, నాలుగు పడవలు కలిపి మిల్లుకి అమ్మేశాం.