అంజవ్వ కన్ను

మా ఆయన లక్ష్మీరాజానికి ఒక పాడు అలవాటుంది. ఎవరేం చెప్పినా "సూద్దాం పా" అంటాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మనిషి. దేవుడు కనిపించినా పక్కకు జరిగి వెనక ఏముందో చూసొస్తాడు.

పక్కింటి అంజవ్వ ఇంట్లో నూలు కండెలు చుట్టి మా షెడ్డుకు ఇచ్చేది. ఒకనాడు సాంచా మీది చీరను చూసి "ఎంత మంచిగున్నదో" అంది. అంతలోనే పోగులు పటపటా తెగాయి. ఆమె కన్ను చెడ్డదన్నారు. జనం సంగతి వదిలేయండి, ఆమే నమ్మేసింది. కోరుట్లలో కోడలు శ్రీలతకు కొడుకు పుడితే, రమ్మని ఎంత బతిమాలినా పోలేదు. ఫోన్లో ఫొటో చూపిస్తే మొహం తిప్పుకుంది. పిల్లవాడు బోర్లాపడ్డాడు, పాకుతున్నాడు, నాయనమ్మ ఇంకా చూడలేదు. నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

మా ఆయన ఆమెను షెడ్డులో రెండు సాంచాల నడుమ కూర్చోబెట్టాడు. ఒకటి కళ్లముందు, ఒకటి వీపు వెనక. పొద్దుగూకేదాకా పోగులు తెగుతూనే ఉన్నాయి. వెనక దానివే ఎక్కువ తెగాయి.

"సూసినవా అక్కా?" అన్నాడు.

"సాంచా ఇనుముది తమ్మీ. పసిపిల్లలు ఇనుమా?"

ఆయన లేచి తెగిన పోగులు అతకసాగాడు.

ఆ వారమే జగిత్యాల నుంచి మా బిడ్డ మనీషా పసిపాపతో వచ్చింది. సంగతి విని, పాపను తీసుకెళ్లి అంజవ్వ ఒళ్లో పెట్టింది.

"ఇగ ఎంతసేపు సూస్తవో సూడు పెద్దమ్మా."

నేను దిష్టి తీద్దామని ఉప్పు, మిరపకాయలు గుప్పిట్లో పట్టుకొచ్చాను. మా ఆయన ముఖంలోనూ నెత్తురు లేదు. అయినా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగవే. నువ్వు దిష్టి తీస్తే, పిల్ల మంచిగున్నా గా ఉప్పుతోనే అంటది అక్క."

ఆయన్ను తిట్టుకుంటూనే ఉప్పు డబ్బాలో పోశాను.

అంజవ్వ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పాప ఆమె ముక్కు పట్టి లాగింది. అంజవ్వ కళ్లు తెరిచింది, ఇక తిప్పుకోలేకపోయింది. "బంగారమే" అని, భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తెల్లవారగానే చెప్పుల్లేకుండా మా వాకిట్లోకి వచ్చింది. పాప మనీషా చెవికమ్మ పట్టుకుని నవ్వుతోంది. అంజవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత మా ఆయన ఫోన్ అడిగి తీసుకుంది.

"శ్రీలతా, బస్సెక్కుతున్న. నేనచ్చేదాక పిలగాన్ని పండవెట్టకు. వాని కండ్లు సూడాలె."