ఒక్క పిల్లే కదా!

మా పాపను చూసుకోవడానికి కోహీర్ నుంచి షేర్ ఆటోలో వచ్చిన ఆయమ్మ, చెప్పులను వీధివైపు తిప్పి విడిచింది. ఎవరింటికి వెళ్లినా అంతేనట. బేరం కుదరకపోతే చటుక్కున వెళ్లిపోవచ్చు.

"నెలకు తొమ్మిది వేలు," అంది.

"ఒక్క పిల్లకి అంతా? మీరిలా ఇస్తే మా పనివాళ్లు ఊరుకుంటారా?" నాకంటే ముందు పక్కింటావిడ అందుకుంది.

"ఇద్దరుంటే ఒగలతోని ఒగలు ఆడుకుంటరమ్మా. ఒక్కతైతే దినమంత నాతోనే ఆడాలె," అంటూ ఆయమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

తొమ్మిది వేలకే ఒప్పుకున్నాను. రేట్లు పాడుచేశానని పక్కింటావిడ కాలనీ అంతా చాటింది. నేను మర్చిపోలేదు.

పాప బడిలో చేరాక, తన మనవడి కోసం ఆవిడే ఆయమ్మ నంబరు అడిగింది. ఇచ్చాను. బేరమాడే ముందు గుమ్మంలో చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోమన్నాను.