బెల్లం భాయ్ చూసొచ్చిన ఏనుగులు

లాల్‌దర్వాజాలో ఎవరినైనా ఆపి ఏనుగన్న ఇల్లెక్కడ అని అడగండి, నేరుగా మా గుమ్మం ముందు దింపిపోతారు. అట్లాగని నేను మావటివాణ్ని కాను. నల్లాల డిపార్ట్‌మెంటులో ముప్ఫయ్యేళ్లు పైపులు బిగించి, వాల్వులు తిప్పి రిటైరైన మనిషిని. బోనాల మరునాడు అమ్మవారి ఘటాన్ని ఊరేగించడానికి పక్క రాష్ట్రం నుంచి లారీలో ఏనుగును తెస్తారు. నాలుగు రోజులు అది మా గల్లీ వెనక ఖాళీ జాగాలో ఉంటుంది. ఒక ఏడు దాని స్నానానికి నీళ్లు చాలక మావటి తల పట్టుకుంటే, నేను ట్యాంకర్ తెప్పించి, పైపు పట్టుకుని దగ్గరుండి కడిగించాను. అంతే, ఆ తర్వాత ఆ పని నాదైపోయింది, పేరూ అదే అయిపోయింది. ఆ నాలుగు రోజులు నేనొస్తుంటే జనం జరిగి దారిస్తారు. మిగతా ఏడాదంతా నా ఇంట్లోనే నా మాట చెల్లదు, కాబట్టి ఆ నాలుగు రోజులంటే నాకెంత పిచ్చో వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్నుంచే పిల్లలు ఏనుగు చుట్టూ మూగుతారు. వెనక కాలికి గొలుసు ఉంటుంది. అది ఒక్కచోటే నిలబడి, తల అటూ ఇటూ తిప్పుతూ, ఒళ్లంతా కుడికీ ఎడమకీ ఊపుతూ ఉంటుంది. ఎందుకు ఊగుతోందని పిల్లలు అడుగుతారు. డప్పు వింటోంది, ఆడుతోంది అని చెప్పేవాణ్ని. ఒకసారి తెల్లారగట్ల డప్పు చప్పుడు ఎక్కడా లేదు, అయినా అది ఊగుతూనే ఉంది. ఒక పిల్ల వదలకుండా నిలదీసింది. "నిన్న కొట్టిన డప్పు దాని చెవులల్ల ఇంక మోగుతనే ఉన్నది బిడ్డా" అన్నాను. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు కూడా శభాష్ అన్నారు. ఆ మాట అచ్చంగా నాది, ఎవరి దగ్గరా విన్నది కాదు. ఇప్పుడు ఊరేగింపులో మైకు పట్టుకునే ఆయన కూడా ఏటా అదే చెప్తాడు, నేను జనంలో నిలబడి మీసం దువ్వుకుంటాను.

నా ప్రాణానికి ఒక పోటీదారుడున్నాడు. దబీర్‌పురా మనిషి, ఉస్మాన్‌గంజ్‌లో ఒక బెల్లం దుకాణంలో గుమాస్తా. మేమంతా బెల్లం భాయ్ అంటాం. పీర్ల పండుగ పదో రోజున వాళ్ల దగ్గర అలం, అంటే పీరు, ఊరేగింపుకు కూడా ఏనుగొస్తుంది. అక్కడ దాని మంచిచెడ్డలు చూసేది ఆయన. పండుగలు రెండూ దగ్గరదగ్గరగా వచ్చిన ఏళ్లలో ఒకే ఏనుగు అక్కడా ఇక్కడా చేసిపోతుంది. అట్లాంటి ఒక ఏడు ఆయన దాన్ని వెతుక్కుంటూ మా జాగాకు వచ్చాడు, చేతిలో బెల్లం ముద్దతో. నేను పైపు పట్టుకుని దాని వీపు తడుపుతున్నాను. అది నన్నూ నా ట్యాంకర్‌నూ వదిలేసి ఆయన వైపు తిరిగి తొండం చాచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అట్లా మొదలైన పరిచయం ముప్ఫయ్యేళ్ల దోస్తీ అయింది. శుక్రవారం సాయంత్రాలు ఇద్దరం ఇరానీ చాయ్ తాగుతాం. అయినా నా కుళ్లు నాదే. మా జాగాకు బెల్లం తెస్తే ఆయన చేత్తో పెట్టనిచ్చేవాణ్ని కాదు. పళ్లెం నాకిచ్చి పక్కన నిలబడాలి. పాపం, నిలబడేవాడు. ఏనుగు మాత్రం నా భుజం మీదుగా ఆయన జేబులోకి తొండం పెట్టేది. ఇంకొకటి కూడా ఉంది, అది నన్ను లోపల్లోపల కొరికేది. పీర్ల పండుగ వాళ్లకు దుఃఖదినం, ఆ రోజు ఏనుగు ఊగుతుంటే ఆయన అక్కడి పిల్లలకు, అది కూడా మనతోపాటు దుఃఖపడుతోంది అని చెప్తాడు. విన్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. నా డప్పు మాట కంటే ఆ మాటే బాగుందేమోనని ఎన్నోసార్లు అనిపించింది, ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

చాయ్ దగ్గర మా ఇద్దరికీ ఒకే కోరిక ఉండేది. గొలుసు లేని ఏనుగును, అడవిలో తన ఇష్టానికి తాను తిరిగే ఏనుగును, ఒక్కసారి చూడాలి. ఇద్దరం చూడలేదు కాబట్టి ఇద్దరం సమానం. నాకది హాయిగా ఉండేది.

పోయిన చలికాలం ఆ హాయి పోయింది. బెల్లం భాయ్ కూతురు ఒక కంపెనీలో పనిచేస్తుంది. తల్లిదండ్రులను శ్రీలంకకు తీసుకుపోతానని టికెట్లు కొన్నది. సముద్రం, తేయాకు తోటలు, అన్నీ కలిపి అయిదు రోజులు, అందులో ఒక్క రోజు అడవికి. ఆ దీవిలో జీపులో తిప్పే పార్కులు బోలెడున్నాయట, ఆ పిల్ల మూడు ఏరి తండ్రి ఫోన్‌కు పంపింది. ఒకటి చిరుతలకు పేరుపడ్డది, ఒకటి ఏనుగులకు, మూడోది పక్షులకు. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నాకేం సమజ్ అయితలేదన్నా. నువ్వు చూసి చెప్పు. నువ్వు చెప్పిందే ఖాయం."

చాలా మంచిగైంది భాయ్ అన్నాను. అన్నది నోరు మాత్రమే. ఈయనేమిటి, పోయి అడవి ఏనుగుల్ని చూడటమేమిటి? చూసొచ్చి ప్రతి శుక్రవారం నా ముందు కూర్చుని చెప్పడమేమిటి? రేపు బోనాలకు మా జాగాకొస్తే జనం ఎవరి చుట్టూ మూగుతారు? నాకు పాస్‌పోర్టు లేదు. మోకాళ్లకు ఆపరేషన్ అయినప్పటినుంచి మా మేడ మెట్లే నాకు పెద్ద కొండ. నా జన్మలో నేను చూసేది లేదని ఆ చాయ్ బల్ల దగ్గరే తేలిపోయింది.

వారం రోజులు ఫోన్‌లో వీడియోలు చూశాను. సంతోషంగానే చూశాను, అదీ విచిత్రం. జీపు వెనక సీటులో కూర్చుంటే నడుం విరుగుతుంది కాబట్టి మధ్య సీటు అడగాలి. పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి. తెల్లబట్టలు వద్దు, సెంటు వద్దు. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. రాస్తూ రాస్తూ పోయేది నేనే అనుకునేవాణ్ని. కాదని గుర్తొచ్చినప్పుడు కాగితం మడిచి అవతల పడేసేవాణ్ని. నా భార్య రెండు రోజులు చూసి, "ఆయన పోతుంటే నువ్వేంది, కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవ్?" అంది. పప్పు మాడుతోంది చూసుకో అన్నాను.

అయిదు నిమిషాలు చూసినవాడికైనా తెలుస్తుంది, బెల్లం భాయ్ పోవలసింది ఏనుగుల పార్కుకే. అక్కడ చెరువు చుట్టూ గడ్డి మైదానం, ఏ కాలంలో పోయినా గుంపులు కనపడతాయి. చిరుతల పార్కులో జీపుల వరస తప్ప ఏమీ చూడనివాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్కటి కనపడితే జీపులన్నీ దాని మీద పడతాయి. ఇదంతా తెలిసి, శుక్రవారం చాయ్ దగ్గర నేను చెప్పిందిది.

"చిరుతలది పెట్టుకో భాయ్. ఏనుగులేంది, ఏటా కడుగుతనే ఉన్నం. సముద్రం దాటిపోయి మళ్ల ఏనుగేనా?"

ఆయన సాసరును అటూ ఇటూ తిప్పాడు. "నా దిల్‌ల ఏనుగులే ఉండె" అన్నాడు. మళ్లీ తనే, "నువ్వు సోచాయించే చెప్తవు తియ్యి" అని కూతురికి ఫోన్ చేశాడు. నా కళ్ల ముందే చిరుతల పార్కు ఖాయమైంది. ఇంటికి వచ్చేటప్పుడు సిగ్గుపడ్డానంటే అబద్ధం. మిర్చీ బజ్జీలు కట్టించుకుని మరీ వచ్చాను.

వాళ్లు పోయిన అయిదు రోజులూ నేను మనిషిని కాను. అక్కడ వాన పడాలని దేవుడికి మొక్కలేదు గానీ, ఫోన్‌లో అక్కడి వాతావరణం రోజుకు నాలుగుసార్లు చూశాను. ఎండ బొమ్మే కనపడేది.

తిరిగొచ్చిన మరునాడే టీ పొడి పొట్లం పట్టుకుని బెల్లం భాయ్ నేరుగా మా ఇంటికొచ్చాడు. చిరుత కనపడిందా అని అడిగాను. తోక కూడా కనపడలేదన్నాడు. నా గుండె చల్లబడింది. అయ్యో అని నాలుక కూడా చప్పరించాను. అప్పుడాయన ముందుకు జరిగి, ఏనుగులొచ్చాయి అన్నాడు.

తొమ్మిదింటికి ఎక్కడో చిరుత కనపడిందని కబురొచ్చి జీపులన్నీ దుమ్ము లేపుకుంటూ అటు ఉరికాయట. వీళ్ల డ్రైవరూ బండి తిప్పబోతుంటే దారి పక్క కుంటలోకి ఏనుగుల గుంపు దిగింది. పదకొండు. ఆయన జీపు ఆపమన్నాడు. కూతురు చిరుత పోతుంది నాన్నా అంటే పోనియ్యమన్నాడు. ముప్పావుగంట, చుట్టూ ఇంకో బండి లేదు, ఇంకో మనిషి లేడు.

"నువ్వు మంచి జాగ చెప్పినవన్నా. ఏనుగుల పార్కుల అయితే జీపులన్ని వాటి సుట్టే ఉంటయట. ఈడ అందరు చిరుత దిక్కు పోయిన్రు, మాకు ఒక్కలకే దొరికినయ్."

నేను తవ్విన గోతిలో ఆయనకు నిధి దొరికింది, పైగా నాకు థాంక్స్ చెప్తున్నాడు. ఎంత పెద్దవి, మనదంత ఉన్నాయా అని అడిగాను. ఆయన నా ముఖం చూసి, మనదంత ఎత్తు లేవులే అన్నాడు. నా మనసు తెలిసినవాడు. ఆ జాలి ఇంకా కాల్చింది. వచ్చే బోనాలకు ఈయన్ను జాగాలోకి అడుగుపెట్టనివ్వకూడదని ఆ క్షణానే అనుకున్నాను.

చాయ్ వచ్చింది. ఆయన తాగలేదు. గ్లాసు కింద పెట్టి తలుపు వైపు చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని.

"ఒక ముచ్చట నీకొక్కనికే చెప్తున్న. ఒక్కటి గూడ ఊగలే అన్నా."

అడవిలో డప్పు ఎక్కడిది, ఎందుకు ఊగుతాయి అన్నాను. నా మాట నాకే గట్టిగా వినపడింది.

"మన తాన డప్పు లేనప్పుడు గూడ ఊగుతది కద" అన్నాడాయన. "నేను మంచిగ చూసిన. గడ్డి పీకినయ్, మట్టి ఒంటిమీద పోసుకున్నయ్, నడిచినయ్. చిన్న పిల్ల ఏనుగుండె, అది గూడ ఊగలే. బిడ్డతోని డ్రైవర్‌ను అడిగిపిచ్చిన. గొలుసేసి పెడితెనే గట్లయితదట." గ్లాసును వేలితో పక్కకు జరిపాడు. "నా తాన అది ఏడుస్తున్నదని చెప్పిన. నెల తిరగకముందే నీ తాన అది ఆడుతున్నదని నువ్వు చెప్పినవ్. ఒక్కటే ఏనుగన్నా."

చిరుతల పార్కు సంగతి అప్పుడే ఒప్పేసుకోవాలనిపించింది, ఒప్పుకోలేదు. ఆయన పోయాక టీ పొడి పొట్లం అలమరలో వెనక్కి తోసేశాను. చాలా రోజులు ఆయన మీద కోపంగా ఉంది. చూసొస్తే చూసొచ్చాడు, ఆ మాట నాకెందుకు చెప్పాలి? ముప్ఫయ్యేళ్లుగా నాకున్నది ఆ నాలుగు రోజులు, ఆ ఒక్క మాట. పదకొండు ఏనుగుల్ని చూసొచ్చినవాడికి నా ఒక్క ఏనుగునైనా నాకు వదిలిపెట్టాలనిపించలేదా? మూడు శుక్రవారాలు మోకాళ్ల నొప్పి అని చెప్పి చాయ్‌కు పోలేదు.

ఆషాఢం వచ్చింది. దబీర్‌పురాలో చేసిన ఏనుగే మా దగ్గరికీ వచ్చింది. పొద్దున ఏడింటికి ట్యాంకర్ పెట్టించి పైపు విప్పాను. మా మనవరాలికి ఆరేళ్లు, గల్లీ పిల్లలందర్నీ వెంటేసుకుని వచ్చింది. మా తాత చెప్తడు చూడుర్రి అని ముందే ఊరించి తెచ్చింది. బెల్లం భాయ్ కూడా వచ్చాడు. ఎప్పటిలాగే పళ్లెం నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. నేను పళ్లెం తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన నన్నొకసారి చూసి, బెల్లం ముక్క తొండానికి అందించాడు. అది నోట్లో వేసుకుంది, నములుతూనే ఊగింది. కుడికి, ఎడమకి. వెనక కాలి గొలుసు బిగుసుకోవడం, వదులవడం అన్నేళ్లలో మొదటిసారి విన్నాను.

"డప్పు లేదు కద తాతా, మరెందుకు ఆడుతున్నది? చెప్పు, వీళ్లకు చెప్పు" అని మనవరాలు నా లుంగీ పట్టుకుని గుంజింది.

పిల్లలందరూ నా నోటివంక చూస్తున్నారు. వాళ్ల వెనక అమ్మలు కూడా ఆగారు. నా మాట నాలుక మీదే ఉంది. బెల్లం భాయ్ పళ్లెంలోకి చూస్తున్నాడు.

"ఆడతలేదు బిడ్డా. కాలు కట్టేసిన్రు, యాడికి పోతది? అందుకే ఊగుతున్నది."

పిల్ల ముఖం చిన్నబోయింది. మరి పోయినేడు చెప్పిందేమిటని అడిగింది. తప్పు చెప్పానన్నాను. వెనకున్న ఆడవాళ్లలో ఒకావిడ, పండుగ పూట ఇవేం మాటలని గొణుక్కుంటూ తన పిల్లను లాక్కుపోయింది. మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. మనవరాలు మాత్రం కదల్లేదు. గొలుసు వంక చూసి, ఏనుగు ముఖం వంక చూసి, విప్పితే ఊగదా తాతా అని అడిగింది.

"ఊగదట."

"నువ్వు చూసినవా?"

"నేను చూడలే బిడ్డా. ఆ తాత చూసిండు, అడుగు."