గ్యాసు గోలీ ఇచ్చిన పెద్దాయన

పామిడిలో మాకు మందులిచ్చే అంగడి పెద్దాయన పోయిన సోమవారం తెల్లవారుజామున కన్నుమూశారు. రెండు రోజుల జ్వరం, అంతే. ఆ కబురు మా ఊరికి తెచ్చింది మా నాయనే. మాత్రల కోసం వెళ్లి, మూసిన తలుపులు చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. వసారాలో కూలబడ్డారు.

చదువురాని వాళ్లకు ఆ పెద్దాయన మాత్రల కవరు మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చందమామను పెన్నుతో గీసిచ్చేవారు. చందమామ ఎప్పుడూ దోసకాయలాగే వచ్చేది. పక్కింటివాళ్లకు నయమైందని ఎవరైనా ఖాళీ మాత్రల అట్ట పట్టుకొచ్చి అదే మందు అడిగితే మాత్రం కసిరేవారు.

“పక్కింటోని కాలిచెప్పే నీకు పట్టదు, వాని మాత్ర పడ్తాదా?”

నాయనకు బెంగళూరులో గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. అందులో రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర మింగాలి. కొన్నాళ్లకు కడుపులో మంట మొదలైంది. నాయనేమో ఎర్రకారం లేనిదే సంగటి ముద్ద ముట్టే మనిషి కాదు. పెద్దాయన్ను అడిగితే గ్యాసు గోలీ ఇచ్చారు, మంట తగ్గింది. ఏడాది పాటు రెండూ మింగుతూ వచ్చారు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం మేం చేలో వేరుశనగ పీకుతుంటే పెద్దాయన మోపెడ్ మీద వచ్చారు. చెమటైనా తుడుచుకోకుండా, కూలీలందరూ వింటుండగానే చెప్పారు.

“అప్పా, తప్పు నాది. నేనిచ్చిన గ్యాసు గోలీ ఆ రక్తం మాత్రను సరిగ్గా పనిచేయనీదంట. కొత్తగా కనిపెట్టినారు. నిన్ననే చదివినా.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాదిగా మా నాయన ప్రాణంతో ఆడుకున్నావా అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తల వంచుకుని విన్నారు. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియని సంగతి కదా అనైనా తనను సమర్థించుకోలేదు. ఈలోగా నాయన తన లెక్క తాను వేసుకున్నారు. రెంటికీ పడకపోతే రక్తం మాత్రే మానేస్తానన్నారు. అది మింగినా మింగకున్నా ఒంటికి ఏమీ తెలియదు, గ్యాసు గోలీ అయితే కడుపు చల్లబడుతుందని ఆయన వాదన.

పెద్దాయన గట్టు మీద కూర్చుని నాయన చెయ్యి పట్టుకున్నారు.

“మంటయితే నీకు తెలుస్తాది. రక్తం గడ్డకట్టేది తెలీదప్పా. తెలిసేతలికి నువ్వుండవు. డాక్టరును అడిగేదాకా నీ అంతట నువ్వు ఏదీ ఇడ్సొద్దు.”

మర్నాడు అంగడి మూసి మాతో అనంతపురం వచ్చారు. పొద్దున్నుంచి వరుసలో నిలబడి, తప్పు తనదేనని డాక్టరుకు కూడా చెప్పుకున్నారు. ఈ సంగతి మాకే ఈమధ్య తెలిసింది, మీ తప్పేముందని డాక్టరు నవ్వారు. రక్తం మాత్ర ఒక్కరోజు కూడా ఆపొద్దని నాయనను గట్టిగా హెచ్చరించి, గ్యాసు గోలీకి బదులు దానికి అంతగా అడ్డురాని ఇంకో రకం రాసిచ్చారు. బయటికి వచ్చాక నాకు సిగ్గేసింది. అన్న మాటలకు క్షమించమని అడగడానికి నోరు రాలేదు. బస్సులో ఆయన పక్కనే కూర్చుని, పామిడి దాకా వానల గురించి మాట్లాడాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

సోమవారం సాయంత్రం పాడె లేపే వేళకు నాయన వెళ్లి ముందువైపు భుజం పెట్టారు. గుండెజబ్బు మనిషివి, వద్దన్నాను.

“ఆయప్ప లేకుంటే పోయినేడే నువ్వు నన్ను మోసుంటావు. జరుగు.”

జరిగి, వెనక కర్ర అందుకున్నాను. పెన్న ఏటి ఇసుకలో అడుగు తీసి అడుగు వేయడమే కష్టంగా ఉంది. పది అడుగులు చాలు నాయనా అన్నా వినలేదు. భుజం మార్చుకోమని ఎవరెవరో వచ్చినా ఇవ్వలేదు. నా ముందు నాయన వీపు చెమటతో తడిసిపోయింది, నడక మాత్రం ఎక్కడా ఆగలేదు.