దున్నపోతునిచ్చి మేకపిల్లను తెచ్చుకున్నాను

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లో టచ్ ఫోన్లున్నాయి, పెండ్లి ఫోటోలు ఆకాశం నుంచి తీసే యంత్రాలు మా చింతామణి దాకా వచ్చేశాయి. అయినా నిశ్చితార్థమైన అబ్బాయి, అమ్మాయి కలిసి ఒక కప్పు కాఫీ తాగాలంటే మాత్రం మా వైపు పెద్దవాళ్ళెవరో ఒకరు పక్కన కూర్చోవలసిందే. నేనేమో ఉద్యోగంలో కొత్త, ప్రేమలో అంతకంటే కొత్త. డ్రిప్ పైపులు అమ్మే కంపెనీ తరఫున చిక్కబళ్ళాపురంలో ఒక గది తీసుకుని, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాణ్ణి. తిరగడానికి ఒక బండి కావాలి కదా. ఆ వంకతో బెంగళూరులో ఒకాయన వాడి వదిలేసిన పెద్ద క్రూయిజర్ మోటార్ సైకిల్ కొనేశాను.

దాని వైభవం ఏమని చెప్పను. ముందు పెద్ద గుండ్రటి దీపం, కడవంత పెట్రోలు ట్యాంకు, మంచంలాంటి సీటు, వెనక ఆనుకోవడానికి మెత్తటి దిండు. (నేను ఎక్కి కూర్చుంటే కాళ్ళు నేలకు సరిగ్గా ఆనేవి కావు. ఫోటోల్లో తెలియకుండా ఉండాలని ఎప్పుడూ గట్టు పక్కన నిలబెట్టి తీయించుకునేవాణ్ణి.) మా సొంతూరు మిట్టేమరిలో దానికి 'దున్నపోతు' అని పేరు పెట్టేశారు. పొలాల్లో ఎక్కడైనా అది ఒరిగిపోతే లేపడం నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. పాతపాళ్య దగ్గర ఒకసారి వేరుశెనగ పీకుతున్న ఆడవాళ్ళంతా వచ్చి లేపారు. అందులో ఒకామె, "బండి నిన్ను తోలుతాందా, నువ్వు బండిని తోలుతాండావాప్పా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను నవ్వేసి డ్రిప్ పైపుల గురించి చెప్పడం మొదలుపెట్టాను.

ఆ ఏడాదే చింతామణిలో చింతపండు వ్యాపారం చేసే వాళ్ళింటి అమ్మాయితో నాకు నిశ్చితార్థమైంది. పెండ్లి మాత్రం, మా వైపు పెద్దాయన ఒకరు పోవడంతో, ఏడాది వెనక్కి జరిగింది. అంతకాలం ఫోన్లో మాట్లాడుకోవడమే. ఎట్లాగో మామగారిని ఒప్పించి ఆదివారాలు గుడికి తీసుకుపోయే వరం సంపాదించాను. వరంతో పాటు ఒక షరతు కూడా వచ్చింది. ఆ షరతు పేరు అవ్వ.

అవ్వ అంటే మామగారి తల్లి. సన్నటి మనిషి, గట్టి గొంతు. మొదటి ఆదివారం నేను గుమ్మం ముందు బండి ఆపగానే చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, వరిమడిలో దిగే మనిషిలాగా కాలు అటు వేసి, సరిగ్గా నా వెనకాల కూర్చుంది. ఆ తర్వాత ఆమె వెనక, దిండుకు ఆనుకుని, పక్కకు తిరిగి అమ్మాయి. నాకూ నా భవిష్యత్తుకూ మధ్య అవ్వ, అవ్వ ఒళ్ళో పూల సంచి. చింతామణి దాటకముందే పోలీసాయన చెయ్యెత్తాడు. "ఏనప్పా, మూరు జన కూతిద్దీరా?" అన్నాడు కన్నడంలో, ముగ్గురు ఎక్కారేమని. నేను నోరు తెరిచేలోపల అవ్వ అందుకుంది. "పెండ్లి కాని పిల్లోళ్ళప్పా. నేను దిగిపోతే వీళ్ళిద్దరూ యెవురని నువ్వే అడుగుతావు." ఆయన నవ్వాపుకోలేక, ఇంకోసారి ఇట్లా కనిపించొద్దని చెప్పి పంపేశాడు. ఇంకోసారి కనిపించకుండా ఉండటానికి మేము ఆ తర్వాత చేల మధ్య దారిలో పోయేవాళ్ళం.

నాకు ముగ్గురితో తోలడం కష్టమనిపించలేదు, కష్టమంతా అవ్వ పట్టుతోనే. మలుపు వచ్చినప్పుడల్లా నా ఎడమ భుజం మీద ఒక చెయ్యి వచ్చి పడేది. గుంత వస్తే గట్టిగా బిగిసేది, దారి బాగుంటే మెల్లగా వదిలేది. అద్దంలో చూస్తే అవ్వ ముఖం తప్ప ఏమీ కనిపించదు. అమ్మాయి చెయ్యి పడవలసిన చోట ముసలామె చెయ్యి పడుతోందని నాలో నేను తెగ కుమిలిపోయేవాణ్ణి. ఒకరోజు కైవారం దారిలో ఉండబట్టలేక, "అవ్వా, కొంచెం వదులుగా పట్టుకో, భుజం లాగేస్తాంది" అన్నాను. చెయ్యి టక్కున లేచిపోయింది. ఆ రోజంతా మళ్ళీ పడలేదు. నా మాట భలే పనిచేసిందని సంబరపడ్డాను.

అప్పుడే నాకు ఆ గొప్ప ఆలోచన వచ్చింది. దోషం అవ్వది కాదు, సీటుది. సీటు అంత పొడుగ్గా ఉంటే మధ్యలో ఎవరైనా కూర్చుంటారు. ఇద్దరికి మాత్రమే చోటున్న బండి ఉంటే అవ్వ ఏం చేస్తుంది? పల్లె దారులకు పెద్దబండి పనికిరావడం లేదని ఇంట్లో ఒక కారణం చెప్పి, బాగేపల్లిలో మేము 'స్పానరన్న' అని పిలిచే మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన దగ్గర ఒక చిన్న పాతబండి ఉండేది. దానికి వెనక మడ్‌గార్డు కోయించాను, పక్క డబ్బాలు ఊడదీయించాను, కాళ్ళ కడ్డీలు, చీర గార్డు, సామాను కట్టుకునే కడ్డీ, ఏది కనిపిస్తే అది తీయించాను. సీటును సగానికి కుదించాను. స్పానరన్న చివరికి స్పానర్ కింద పెట్టి, "ఇంగ చక్రాలే ఉండాయప్పా. వాటినీ తీసేద్దామా?" అన్నాడు. పెద్దబండిని ఆయనే చిక్కబళ్ళాపురం దగ్గర ద్రాక్షతోట ఉన్న ఒక రైతుకు ఇప్పించాడు. ఆ రైతు దాన్ని తోలుకుపోతుంటే దాని శబ్దం రోడ్డు మలుపు దాకా వినిపించింది. పోనీలే, భవిష్యత్తు ముఖ్యం అనుకున్నాను.

తర్వాతి ఆదివారం విదురాశ్వత్థకు పోవాలి. మనవరాలి పెండ్లి కుదిరితే నాగుల రాళ్ళకు పాలు పోస్తానని అవ్వ మొక్కు. మేకపిల్లలాంటి నా కొత్త బండిని గుమ్మం ముందు ఆపాను. నిశ్చితార్థమైన పిల్ల కాబోయే మొగుడితో బయటికి పోవాలంటే చీరే కట్టాలన్నది వాళ్ళింటి పద్ధతి. కొత్త చీరలో వచ్చిన అమ్మాయి బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రం దగ్గర ఆగింది.

"చీర గార్డు యాడుండాది?" అంది.

"తీసేసినా. బరువని" అన్నాను.

"మరి నేనెట్ల కూర్చునేది?"

ఆ ఒక్క మాట నేను అన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చీర గార్డు లేని బండి మీద పక్కకు కూర్చుంటే కొంగు, కుచ్చిళ్ళు రెండూ చక్రంలో ఉంటాయని మా పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామగారు సీటు వైపు చూసి, నా వైపు చూసి, లోపలికి పోయారు. అవ్వ మాత్రం ఏమీ కానట్టు కుచ్చిళ్ళు ఎగ్గట్టింది. "మొక్కుకున్నేది నేను కదప్పా. పిల్ల లేకున్నా పనైతాది. పోదాం పా" అని ఎక్కి కూర్చుంది. వీధి చివర వెనక్కి తిరిగి చూస్తే అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను ఎవరి కోసం ఇంత పని చేశానో ఆమె ఇంటి దగ్గర, ఎవర్ని వదిలించుకుందామనుకున్నానో ఆమె నా వీపుకు అంటుకుని.

దారంతా అవ్వ మాట్లాడుతూనే ఉంది. చింతచెట్ల కాపు గురించి, నా జీతం గురించి, నేను తక్కువ తింటానని తనకున్న అనుమానం గురించి. గౌరిబిదనూరు దగ్గరవుతుండగా దారి మెలికలు తిరిగింది, నా భుజం మీద మాత్రం ఏ చెయ్యీ పడలేదు. పడిపోతుందేమోనని భయమేసి, "అవ్వా, ఎప్పుడూ పట్టుకునేట్టు భుజం పట్టుకో" అన్నాను.

"నేనెప్పుడు పట్టుకున్న్యానప్పా?" అంది అవ్వ. "పూలు నలుగుతాయని నా రెండు చేతులూ సంచి మీదనే కదా ఉండేది."

"మరి ఆ చెయ్యి?"

"మా పిల్లది. దానికి పెద్దబండంటే శానా భయం. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలే. నన్ను మధ్యలో కూర్చోమనిందీ అదే, నా పక్కనుంచి చెయ్యి చాపి నిన్ను పట్టుకునిందీ అదే. నేను చూడనట్ల కూర్చుంటాంటి. నువ్వు ఒకదినం భుజం లాగుతాందంటివే, ఆ దినం ఇంటికొచ్చి అన్నం తినలే."

బండిని రోడ్డు పక్కన ఆపేశాను. అవ్వ గాబరాగా, "పెట్రోలు అయిపోయిందా?" అని అడిగింది. అవునన్నాను.

మరుసటి రోజే చిక్కబళ్ళాపురం పోయి ద్రాక్షతోట రైతును బతిమాలాను. అప్పటికే ఆయన బండికి పసుపు కుంకుమలు పెట్టి పూజ చేయించేశాడు. ముందొక పిల్ల, వెనకొక పిల్ల, చివర భార్య, అందరూ సీటు నిండా కూర్చుని ఊళ్ళోకి బయలుదేరుతున్నారు. ఆ చివర కూర్చున్నామె పిల్లల మీదుగా చెయ్యి చాపి మొగుడి భుజం పట్టుకుంది. నేను వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

పెండ్లయింది. మేకపిల్లకు చీర గార్డు మళ్ళీ బిగించాం. మా ఆవిడ నా వెనకాలే, నేను కలగన్నంత దగ్గరగానే కూర్చునేది, ఇప్పటికీ కూర్చుంటుంది. బండి చిన్నది కాబట్టి భయం లేదు, భయం లేదు కాబట్టి భుజం పట్టుకోదు. ఫోన్ చూసుకుంటూ, మధ్యమధ్య కూరగాయల సంగతి గుర్తుచేస్తూ ఉంటుంది. మా పెద్దపాప పుట్టిన ఏడాది అవ్వ పోయింది. చేల మధ్య ఆ దారిలో పోతున్నప్పుడు నాకు తెలియకుండానే ఎడమ భుజం కొంచెం వెనక్కి జరుగుతుంది. ఆ చెయ్యి నాకు కావాలనిపిస్తుంది. ఆ చెయ్యిని చూడనట్టు నటించిన మనిషి కూడా కావాలనిపిస్తుంది.

మొన్న చింతామణిలో ఒక షోరూము అద్దాల వెనక అచ్చం అట్లాంటి పెద్దబండే కనిపించింది. ఇంటికొచ్చి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆవిడ పక్కన కూర్చుని, మళ్ళీ పెద్దబండి కొనుక్కుందామా అని అడిగాను. ఆమె తలెత్తకుండా, "కొనుక్కోండి" అంది. ఇంకో కాయ ఒలిచి, "మధ్యలో యెవురు కూర్చుంటారు?" అంది. నేనూ ఒక చిక్కుడుకాయ అందుకున్నాను. మధ్యలో ఎవరూ లేకుండా ఈమె ఒక్కతే వెనక కూర్చుంటే చాలని బండి మార్చేసిన ఆ పొట్టి కుర్రవాడు గుర్తొచ్చాడు. పాపం, వాడు కోరుకున్నది వాడికి దొరికింది.